అరాయి గీత వంగితే ఎక్కడ వెతకాలి? లావా రాళ్లతో పాత అయస్కాంత క్షేత్రం కొలిచేవారికి సమస్య - పరిష్కారం

రాయి కోయడం, ఓవెన్ నడపడం, మ్యాగ్నటోమీటర్‌లో కొలవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. థెలియర్ పద్ధతిలో ప్రతి ఉష్ణోగ్రతకూ రాయిని రెండుసార్లు, క్షేత్రం లేకుండా ఒకసారి, ల్యాబ్ క్షేత్రంలో ఒకసారి వేడి చేస్తాం. రాయిలో ఎంత సహజ అయస్కాంతత్వం మిగిలింది (నిలువునా), మన ల్యాబ్ క్షేత్రంలో కొత్తగా ఎంత చేరింది (అడ్డంగా) అన్నవి చూసి చుక్క పెడతాం. ఈ చుక్కల పటమే అరాయి ప్లాట్. గీత వాలును ల్యాబ్ క్షేత్రంతో గుణిస్తే లావా చల్లారినప్పటి భూమి క్షేత్రం వస్తుంది. గీత వంకర లేకుండా తిన్నగా వచ్చిందంటే అంతా బాగుందని కాదు. అక్కడే చాలామంది మోసపోతున్నారు.

ఒకే ఒక్క చుక్క ఎడమవైపు పడింది, మిగతావి బాగానే ఉన్నాయి

రాతిని అనుమానించే ముందు ఓవెన్ లాగ్ తీసి చూడండి. శాంపిల్ చల్లారుతున్నప్పుడు కరెంటు పోతే ల్యాబ్ క్షేత్రాన్ని ఇచ్చే కాయిల్ కూడా ఆగిపోతుంది. అక్కడి నుంచి రాయి క్షేత్రం లేకుండానే చల్లారుతుంది, చేరాల్సినంత అయస్కాంతత్వం చేరదు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఇది జరిగినా ఎవరికీ తెలియదు. కాయిల్ సప్లైని యూపీఎస్ మీద పెట్టండి. ప్రతి శాంపిల్‌నీ రెండు హీటింగుల్లోనూ ట్రేలో అదే గడిలో ఉంచండి. ఓవెన్ ఈ చివరకూ ఆ చివరకూ వేడిలో తేడా ఉంటుంది.

పీటీఆర్ఎం చెక్‌లు తప్పుతున్నాయి

పీటీఆర్ఎం చెక్ అంటే తక్కువ ఉష్ణోగ్రతకు వెనక్కి వెళ్లి ల్యాబ్ క్షేత్రంలో మళ్లీ వేడి చేసి, ముందు చేరినంతే మళ్లీ చేరుతోందా అని చూడడం. అది తప్పిందంటే వేడికి రాతిలోని ఖనిజం మారుతోంది. కొత్తగా మ్యాగ్నటైట్ (అయస్కాంతత్వాన్ని పట్టుకునే ఇనుప ఖనిజం) పుడితే ల్యాబ్ క్షేత్రాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది, విలువ తగ్గిపోతుంది. దీన్ని ముందే పట్టుకోవచ్చు. అదే రాయి నుంచి చిన్న ముక్క పొడి చేసి, వేడి చేస్తూ, మళ్లీ చల్లారుస్తూ ససెప్టిబిలిటీ (క్షేత్రానికి రాయి ఎంత స్పందిస్తుందో) కొలవండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడకపోతే ఆ రాయిని పక్కన పెట్టండి. ఈ ఒక్క పని చేయకుండా వారాల తరబడి ఓవెన్ నడిపి, తీరా చివర్లో తలలు పట్టుకునేవారిని చూస్తే బాధేస్తుంది.

చెక్‌లన్నీ పాసయ్యాయి, గీత బాగుంది, విలువ మాత్రం నమ్మశక్యంగా లేదు

ఎక్కువ మందిని ముంచేది ఇదే. అరాయి ప్లాట్ కిందికి వంగి, రెండు వాలులుగా కనిపిస్తుంది. మొదటి సగం చక్కగా తిన్నగా ఉంటుంది, ఆ భాగంలో చెక్‌లూ సరిపోతాయి. ‘ఎక్కువ వేడిలో ఖనిజం మారింది, తక్కువ వేడి ముక్క తీసుకుందాం’ అని వాలు వేసేస్తారు.

ఒక ఉదాహరణ తీసుకోండి. ల్యాబ్ క్షేత్రం 40 మైక్రోటెస్లా. మొదటి ముక్క వాలు 1.6, అంటే 64. రెండో ముక్క వాలు 0.5, అంటే 20. రెండు చివరలనూ కలిపితే దాదాపు 30. ఒకే రాయి, మూడు జవాబులు! హైదరాబాద్‌లో ఇప్పటి క్షేత్రమే 43 దగ్గర ఉంది కాబట్టి 64 అనేసరికి పెద్ద విషయం కనుక్కున్నామనిపిస్తుంది.

కారణం పెద్ద రేణువులు, అంటే ఒక్కో రేణువులో అనేక అయస్కాంత భాగాలుండే మల్టీడొమైన్ మ్యాగ్నటైట్. చిన్న రేణువు 300 డిగ్రీల దగ్గర పట్టుకున్నదాన్ని మళ్లీ 300 దగ్గరే వదిలేస్తుంది. పెద్ద రేణువు అలా వదలదు. కొంత తోక మిగులుతుంది, అది మ్యాగ్నటైట్ క్యూరీ ఉష్ణోగ్రత (శాశ్వత అయస్కాంతత్వం పూర్తిగా పోయే వేడి) 580 డిగ్రీల దాకా కూడా సాగొచ్చు. తక్కువ వేడిలో పాతది త్వరగా పోతుంది, కొత్తది అంతగా చేరదు. అందుకే మొదటి వాలు ఎక్కువ. ఇక్కడ ఖనిజం మారలేదు కాబట్టి పీటీఆర్ఎం చెక్ దీన్ని పట్టుకోదు.

పట్టుకునేది తోక చెక్. క్షేత్రంలో వేడి చేసిన తర్వాత అదే ఉష్ణోగ్రతకు క్షేత్రం లేకుండా ఇంకోసారి వేడి చేసి, ఎంత మిగిలిందో చూడండి. ఇజ్జీ క్రమంలో, అంటే ఒక మెట్టులో ముందు క్షేత్రంలో, తర్వాతి మెట్టులో ముందు క్షేత్రం లేకుండా వేడి చేస్తూ పోతే, చుక్కలు అటూ ఇటూ మెలికలు తిరిగి ముందే చెప్పేస్తాయి. మీరు ఎంచిన ముక్క సహజ అయస్కాంతత్వంలో ఎంత భాగమో కూడా రాయండి. పై ఉదాహరణలో అది 48 శాతమే. కఠినంగా ఎంచేవారు కనీసం 78 శాతం ఉండాలని, గీత వంపు 0.164 దాటకూడదని హద్దు పెట్టుకుంటారు. నేనూ అవే వాడతాను. రెండు చివరలు కలిపిన 30 కూడా రిపోర్ట్ చేసే అంకె కాదు, ఆ శాంపిల్‌ను వదిలేయడమే.

అసలు మందు ఫీల్డ్‌లోనే ఉంది. హైదరాబాద్ నగరం కిందున్నది గ్రానైట్. లావా రాయి కావాలంటే వికారాబాద్ వైపు, దక్కన్ ట్రాప్స్ అంచుకు వెళ్లాలి. అవి సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటివి. అక్కడ ప్రవాహం మధ్యలోని రాయి గట్టిగా, నల్లగా, డ్రిల్‌కు అనువుగా ఉంటుంది. అందుకే అందరూ అదే తెస్తారు. కానీ అది నెమ్మదిగా చల్లారింది, రేణువులు పెద్దవి. ప్రవాహం అంచున త్వరగా చల్లారిన పొర తీసుకోండి. బుడగల్లో జియోలైట్ (తర్వాత నీటి వల్ల ఏర్పడే తెల్లటి ఖనిజం) నిండినవీ, ఎర్రబడినవీ వద్దు. తర్వాత హిస్టరిసిస్ (క్షేత్రాన్ని పెంచి తగ్గిస్తే రాయి అయస్కాంతత్వం ఎలా మారుతుందో) కొలిచి రేణువుల సైజు నిర్ధారించుకోండి. పెద్ద రేణువుల రాయే దిక్కయితే థెలియర్‌ను పట్టుకు వేలాడకుండా మల్టీస్పెసిమెన్ పద్ధతికి (ఒకే రాయి ముక్కలను ఒకే వేడికి, వేర్వేరు ల్యాబ్ క్షేత్రాల్లో పెట్టి చూసేది) మారండి.

ఇన్నీ బాగున్నా ఎక్కువే వస్తోంది

హవాయిలో 1960 నాటి కిలౌయా లావా దీనికి సాక్ష్యం. అప్పటి క్షేత్రం సుమారు 36 మైక్రోటెస్లా అని తెలుసు. అయినా కొన్ని నమూనాలు దానికంటే బాగా ఎక్కువ చూపించాయి. చల్లారేటప్పుడు జరిగిన ఆక్సీకరణ ప్రభావం కావచ్చు. అందుకే ఒక ప్రవాహం నుంచి ఒకే రాయి కాకుండా వేర్వేరు ఎత్తుల నుంచి తెచ్చి, వీలైతే ఇంకో పద్ధతితో కూడా పోల్చండి.

పిడుగు పడిన చోటైతే సహజ అయస్కాంతత్వం అసాధారణంగా బలంగా ఉంటుంది, రాతి మీద దిక్సూచి జరిపితే ముల్లు తిరుగుతుంది. అక్కడ డ్రిల్ చేయకండి. అనైసోట్రోపీ (ఒక దిక్కున అయస్కాంతత్వం ఎక్కువగా పట్టే గుణం) మామూలు లావాలో పెద్దగా ఉండదు. ల్యాబ్‌లో త్వరగా చల్లార్చడం వల్ల వచ్చే తేడాకు అదే శాంపిల్ మీద నెమ్మదిగా చల్లార్చే పరీక్ష ఒకటి చేసి, దిద్దుబాటు వేస్తే సరిపోతుంది.