ఏసీలో కూలింగ్ తగ్గిందా? గ్యాస్ పట్టించే ముందు ఇవి చూడండి

ఏసీ కూలింగ్ తగ్గగానే అందరూ అనే మొదటి మాట, "గ్యాస్ అయిపోయుంటుంది." గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో ఏళ్ల తరబడి అదే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోందని అర్థం.

లోపలి కాయిల్‌లోకి ఈ గ్యాస్ ద్రవంగా వచ్చి, అక్కడ మరిగి ఆవిరవుతూ గదిలోని వేడిని లాక్కుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని బాగా నొక్కి బయటి కాయిల్‌కి పంపుతుంది. అక్కడ వేడి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. ఎంత వేడి దగ్గర మరగాలన్నది ఒత్తిడిని బట్టి ఉంటుంది. బయట మామూలు గాలి ఒత్తిడిలో ఆర్-32 అనే ఏసీ గ్యాస్ దాదాపు మైనస్ 52 డిగ్రీలకే మరుగుతుంది. కాయిల్‌లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి సున్నాకి కాస్త పైన మరుగుతుంది. కింద చెప్పే తిప్పలు చాలావరకు ఈ ఒత్తిడి లెక్క తప్పడం వల్లే.

గాలి వస్తోంది, చల్లదనం లేదు

ముందు రిమోట్ కూల్ మోడ్‌లోనే ఉందా చూడండి. నవ్వకండి, ఫ్యాన్ మోడ్‌లో పెట్టుకుని మెకానిక్‌ని పిలిచేవాళ్లు తక్కువేం కాదు. తర్వాత ఫిల్టర్ కడగండి. బయటి యూనిట్ ఫ్యాన్ తిరుగుతున్నా కంప్రెసర్ మూలిగి ఆగిపోతుంటే, ఇన్వర్టర్ కాని మోడళ్లలో ఎక్కువగా కెపాసిటరే (మోటార్ స్టార్టవడానికి ఊతమిచ్చే భాగం) పోయి ఉంటుంది. స్విచ్ కట్టేసినా దానిలో కరెంటు నిల్వ ఉంటుంది, మీరు చెయ్యి పెట్టకండి.

కాయిల్ మీద ఐస్ కడుతోంది

ఐస్ కట్టిందంటే కూలింగ్ ఎక్కువైందనుకుంటాం. నిజానికి గ్యాస్ తగ్గినా ఐసే కడుతుంది. గ్యాస్ తగ్గితే ఒత్తిడి పడిపోయి, మరిగే ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగుతుంది. గాలిలోని తేమ కాయిల్ మీదే గడ్డకడుతుంది. ఫిల్టర్ మూసుకుపోయినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే ద్రవం మరగడానికి సరిపడా వేడి గాలి అందదు. తేడా కనిపెట్టడం ఎలాగంటే, మంచు కాయిల్‌లో ఒక మూలనే ఉండి మిగతాది పొడిగా ఉంటే గ్యాస్ మీద అనుమానం. కాయిల్ అంతటా పరుచుకుని, గాలి కూడా నీరసంగా వస్తుంటే దుమ్ము పని. రెండింటిలో ఏదైనా ముందు కూలింగ్ ఆపి, ఫ్యాన్ మాత్రమే నడిపి కరగనివ్వండి. చాకుతో గీకారో, కాయిల్‌కి చిల్లు పడుతుంది.

గ్యాస్ పట్టించిన కొన్నాళ్లకే మళ్లీ మామూలే

ఇది ఖాయంగా లీకే. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి, కారేచోట జిడ్డు పట్టి దానిమీద దుమ్ము అంటుకుంటుంది. ముందు పైపులు కలిసే ఫ్లేర్ నట్ల దగ్గర వెతకండి. సబ్బు నురగ రాస్తే బుడగలు లేస్తాయి. లీకు మూయకుండా టాప్‌అప్ చేయడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

సరైన పద్ధతి ఇదీ: అతుకు సరిచేయాలి, నైట్రోజన్ నింపి పరీక్షించాలి, వాక్యూమ్ పంపుతో గాలీ తేమా లాగేయాలి, తర్వాత యూనిట్‌కి అంటించిన వివరాల ప్లేట్ మీద రాసిన బరువు ప్రకారం తూకం వేసి గ్యాస్ ఎక్కించాలి. వాక్యూమ్ వదిలేస్తే లోపలి తేమ ఆయిల్‌తో కలిసి ఆమ్లమై కంప్రెసర్‌ని తినేస్తుంది. ప్లేట్ మీద ఏ గ్యాస్ ఉంటే అదే పట్టించాలి. ఆర్-22 కోసం చేసిన యూనిట్‌లో ఆర్-410ఏ పట్టిస్తే ఒత్తిడి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది, పాత పైపులు తట్టుకోలేవు. ఆర్-32కి కొద్దిగా మంటంటుకునే గుణముంది. లీకు అనుమానముంటే కిటికీలు తెరవండి, దగ్గర్లో దీపం కూడా వెలిగించకండి.

మధ్యాహ్నం మాత్రమే కూలింగ్ తగ్గుతుంటే బయటి కాయిల్ కడిగించండి. దాని ముందు సామాను పెట్టి ఉంటే తీసేయండి.

మెకానిక్ వెళ్లేముందు గ్యాస్ ఎక్కించే సర్వీస్ వాల్వ్‌ల మూతలు బిగించాడో లేదో చూసి, వాటి మీద కూడా నురగ రాయమనండి. బుడగ రాకపోతేనే యూనిట్ మూత పెట్టించండి.