పొలిమేర కాసే డ్వార్ఫ్ రేంజర్ల రహస్య దళాన్ని మీ ఆటలోకి ఎలా తేవాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, కథలో పాత్రలుగా మారి ఆడే ఆట) ఆడేవాళ్లకు డ్వార్ఫ్ అనగానే కొండ లోపలి కొలిమి, గడ్డం, గొడ్డలి గుర్తొస్తాయి. రేంజర్ (అడవుల్లో జాడలు పట్టి కాపు కాసే యోధుడు) అనగానే అడవి, విల్లు, బక్కపలచటి ఎల్ఫ్ (కొనదేలిన చెవుల మరో జాతి). ఈ రెండూ ఒక్క మనిషిలో కలిస్తే ఎలా ఉంటుందో చాలామంది ఆలోచించరు. అందుకు నియమాలూ కొంత కారణమే. అడ్వాన్స్‌డ్ పేరుతో వచ్చిన మొదటి రెండు ఎడిషన్ల మూల నియమాల ప్రకారం డ్వార్ఫ్ రేంజర్ కావడానికి వీల్లేదు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ ఆ అడ్డు తీసేసింది. నాకైతే ఈ జోడీ అంటే ప్రాణం. గేమ్ నడిపే డంజన్ మాస్టర్ మీరే అయితే, ఇలా ఒక దళాన్ని తయారుచేసి చూడండి.

(మరుగుజ్జు అనే మాట వాడటం లేదు. అది పొట్టి మనిషిని సూచిస్తుంది. ఇక్కడ డ్వార్ఫ్‌లు ఒక జాతి. వాళ్లకు సొంత భాష, దేవుళ్లు, వంశాలు ఉన్నాయి.)

1. ముందు పొలిమేర గీయండి

దళం పేరు, ముద్ర, ప్రమాణం తర్వాత చూసుకోవచ్చు. ఒక తెల్లకాగితం తీసుకుని, సాగుభూమి ఎక్కడ ఆగిపోతుందో అక్కడ గీత గీయండి. ఆ గీత మీద మూడు నాలుగు చోట్లు గుర్తుపెట్టండి: ఒక కనుమ, వాగు దాటే రేవు, పాడుబడ్డ గని నోరు. అడవంతా కాయడం ఎవరి వల్లా కాదు, దాటే చోట్లు కాస్తే చాలు. తర్వాత, కాపలా ఒక్క వారం ఆగితే ఏం జరుగుతుందో ఒకే వాక్యంలో రాయండి. ఏమీ జరగదు అనిపిస్తే ఆ పొలిమేరకు మీ దళం అక్కర్లేదు, గీత మార్చండి.

2. వాళ్లు కొండ ఎందుకు వదిలారో తేల్చండి

అన్నిటికంటే ఎక్కువ టైమ్ దీనికే ఇవ్వండి. రాతి కప్పు కింద పుట్టి, కొలిమి వెలుగులో పెరిగినవాడు ఆకాశం కింద, వానలో, ఒంటరిగా ఎందుకు బతుకుతున్నాడు? ‘సాహసం కోసం’ అంటే సరిపోదు.

నేను వాడిన కారణం ఇది. వెనకటికి ఆ కొండ గనివాళ్లే లోతుగా తవ్వి, తవ్వకూడని చోట ఒక సొరంగం తెరిచారు. అప్పటి రాజు దానికి గోడ కట్టించి, లెక్కల్లోంచి కొట్టేయించాడు. కానీ సొరంగం అవతలి కొస అడవిలో, పొలిమేర దాటాక బయటపడింది. అక్కడ గోడ కట్టేవాళ్లు లేరు. ఆ గనివాళ్ల వంశాలు తరానికో బిడ్డను అక్కడికి కాపలా పంపుతాయి. కొండలో మాత్రం ‘తప్పు చేసి వెళ్లగొట్టబడ్డాడు’ అని చెప్పుకుంటారు. ఆ మాట కాపలాదారుడూ కాదనడు, వాడి తల్లీ కాదనదు.

ఇలా చేస్తే రహస్యానికి ఒక బరువు వస్తుంది. శత్రువుల దగ్గర దాచడం మామూలే. సొంత ఊరి దగ్గర దాచాల్సి రావడం మనసును పట్టుకుంటుంది. పైగా 2014 నాటి ఐదో ఎడిషన్ ప్రకారం డ్వార్ఫ్‌లు సగటున 350 ఏళ్లు బతుకుతారు. యాభై ఏళ్ల వయసులో ప్రమాణం చేసినవాడు రెండొందల ఏళ్లకు పైగా అదే కనుమ కాయొచ్చు. కింది ఊళ్లో మనుషుల తరాలు ఏడెనిమిది మారిపోతాయి. ఆ ఊరి పిల్లాడి నడకలో వాడి ముత్తాత నడకను గుర్తుపట్టే కాపలాదారుణ్ణి ఊహించండి.

3. దళానికి ఆకారం ఇవ్వండి

దీనికి నార్స్ (స్కాండినేవియా) పురాణాలు చూడండి. అక్కడ ఆకాశాన్ని నాలుగు మూలల నాలుగు డ్వార్ఫ్‌లు మోస్తుంటారు: నోర్ద్రి, సుద్రి, ఔస్త్రి, వెస్త్రి. ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర. మన దిక్పాలకులతో పెరిగిన ఆటగాళ్లకు ఇది ఇట్టే ఎక్కుతుంది. దళాన్ని నాలుగు దిక్కులుగా విడగొట్టండి. ఒక దిక్కువాళ్లకు మిగతా మూడింటి నుంచి ఒక్కొక్కరు మాత్రమే తెలియాలి. ఒకడు పట్టుబడినా దళమంతా బయటపడదు. మొత్తం ఇరవైమంది మించకూడదని నా అభిప్రాయం. వందమంది ఉంటే అది సైన్యం.

ఈ ఆటకున్న కల్పిత ప్రపంచాల్లో ఒకటైన ఫర్‌గాటెన్ రెల్మ్స్‌లో ఆడుతుంటే దేవుణ్ణి వెతుక్కోనక్కర్లేదు. ఇల్లు వదిలి తిరిగే డ్వార్ఫ్‌లను కాచేవాడు మార్థమోర్ డూయిన్.

4. నియమాల్లో పాత్రను కట్టండి

2014 నియమాల్లో హిల్ డ్వార్ఫ్ అనే ఉపజాతిని తీసుకోండి. రేంజర్ మంత్రాలు విజ్‌డమ్ (వివేకాన్ని కొలిచే అంకె) మీద నడుస్తాయి, హిల్ డ్వార్ఫ్‌కు అది 1 పెరుగుతుంది. దానికితోడు ప్రతి లెవెల్‌కూ ఒక హిట్ పాయింట్ (ఎన్ని దెబ్బలు తట్టుకోగలడో చెప్పే లెక్క) అదనం. చీకట్లో 60 అడుగుల దాకా చూపు, విషాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటాయి. ఒక్కో వంతులో నడిచే వేగం 25 అడుగులే, మనిషి 30 నడుస్తాడు. దీన్ని లోపంగా చూడొద్దు. ఈ దళం తరమదు, దారిలో కాపు కాస్తుంది.

డ్వార్ఫ్ పొట్టివాడైనా నియమాల ప్రకారం మీడియం సైజే. స్మాల్ సైజు వాళ్లకు బరువైన ఆయుధాలు కష్టం, ఇతనికి ఆ బాధ లేదు కాబట్టి హెవీ క్రాస్‌బో (బరువైన అడ్డవిల్లు) వాడినా ఇబ్బంది లేదు. దగ్గరి పోరుకు రెండు చేతిగొడ్డళ్లు. మంత్రాల్లో ముందు అలారమ్ (ఎవరైనా చొరబడితే హెచ్చరించేది), ఐదో లెవెల్‌కు పాస్ వితౌట్ ట్రేస్ తీసుకోండి. ఈ రెండోది 30 అడుగుల్లోపు మీవాళ్లందరికీ స్టెల్త్ (చప్పుడు లేకుండా దాక్కునే నేర్పు) మీద 10 కలుపుతుంది, అడుగుజాడలు మిగలనివ్వదు. రహస్య దళానికి ఇంతకంటే ఏం కావాలి!

5. జాడ చూపించండి, కథ చెప్పొద్దు

మొదటిసారి ఈ దళాన్ని ఆటలో పెట్టినప్పుడు ఒక ముసలి రేంజర్ చేత చరిత్రంతా ఒకేసారి చెప్పించాను. అందరూ విన్నారు, ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. రెండోసారి ఒక్క రాయి చూపించాను.

వాగు దాటాక దారి పక్కన నడుమెత్తు రాళ్ల గుట్ట. గొర్రెల కాపరులు పేర్చినట్టే ఉంటుంది. పైనుంచి మూడో రాయికి మాత్రం నాచు కింది వైపు ఉంది, ఇంకా పచ్చగానే ఉంది. అంటే ఎవరో ఈ ఒకటి రెండు రోజుల్లోనే దాన్ని తిప్పి పెట్టారు. రాయి తీస్తే అడుగున ఉలితో కొట్టిన గోరంత గాటు. సర్వైవల్ చెక్‌లో (జాడలు చదివే నేర్పుకు పాచిక వేసి చూడటంలో) 15 వస్తే ఇంతవరకూ తెలుస్తుందనుకోండి. గాటు ఏ పనివాళ్లదో తెలియాలంటే గుంపులో డ్వార్ఫ్ ఉండటం మేలు. 2014 నియమాల్లోని స్టోన్‌కన్నింగ్ లక్షణం వల్ల రాతిపని పుట్టుపూర్వోత్తరాల మీద వేసే హిస్టరీ చెక్‌కు వాళ్ల ప్రొఫిషియన్సీ బోనస్ (నైపుణ్యం వల్ల పాచికకు కలిసే అంకె) రెట్టింపవుతుంది.

దాని తర్వాతి రాత్రి, మంట ఆరబోయే వేళకు చీకట్లోంచి ఒక గొంతు వినిపించాలి.

“రాయి ఎంత లోతు?”

జవాబు, “వేరు వెళ్లినంత.” దాన్ని సెషన్‌కు ముందే ఒక చీటీ మీద రాసి ఒకే ఒక్క ఆటగాడికి, అది ఎందుకో చెప్పకుండా ఇవ్వండి. వాళ్ల తాతగారి సామాన్లో దొరికిందని మాత్రం చెప్పండి. చీటీ సంగతి గుర్తొచ్చి, ఆ ఆటగాడు జవాబు చెబితే రేంజర్ వెలుగులోకి వచ్చి మంట దగ్గర కూర్చుంటాడు. గుర్తు రాకపోతే ఎవరూ కనిపించరు, ఏ దాడీ జరగదు. తెల్లారి వెళ్లి చూస్తే గుట్టలో మూడో రాయి మామూలుగా ఉండాలి, నాచు పైకి.