పేరున్న క్రిప్టో అడ్రస్ కావాలా? ముందు కీ సంగతి తేల్చుకోండి

బండికి ఫ్యాన్సీ నంబరు కావాలంటే ఆర్టీవోకి ఫీజు కట్టి పోటీ పడతాం. నంబరు మనదేనని రికార్డు ఉంటుంది. ఎవడైనా అదే నంబరు ప్లేటు తగిలించుకుని తిరిగినా బండి వాడిది అయిపోదు. క్రిప్టో అడ్రస్‌లో (క్రిప్టో డబ్బు వచ్చి పడే అకౌంటు నంబరు లాంటిది) మన పేరో, ఊరి పేరో వచ్చేలా చేసుకోవడం కూడా పైకి అలాగే కనిపిస్తుంది. దీన్ని వ్యానిటీ అడ్రస్ అంటారు. కానీ ఇక్కడ రికార్డు పెట్టే ఆఫీసు లేదు. ఆ అడ్రస్ ప్రైవేట్ కీ (డబ్బు కదిలించే రహస్య సంఖ్య) ఎవరికి తెలిస్తే డబ్బు వాళ్ళది. కాబట్టి మొదట అడగాల్సింది రెండే: ఆ కీ ఎక్కడ పుట్టింది, పుట్టినప్పుడు ఎవరు చూశారు.

పేరు కావాలని అడ్రస్‌ని ఎవరూ నేరుగా రాయలేరు. ముందు 256 బిట్ల (256 సున్నా-ఒకట్ల వరస) ప్రైవేట్ కీ ఒకటి పుడుతుంది, దాని నుంచి పబ్లిక్ కీ (బయటకు చెప్పగలిగేది), దాని నుంచి అడ్రస్ వస్తాయి. వెనక్కి పోవడం కుదరదు. అందుకని ప్రోగ్రాము లక్షల, కోట్ల కీలు వరసగా తయారుచేస్తూ, ఏదో ఒక అడ్రస్ మనం కోరిన అక్షరాలతో మొదలయ్యేదాకా వెతుకుతుంది.

ఏ పేరు కుదురుతుంది, ఎంతసేపు పడుతుంది

బిట్‌కాయిన్ పాత రకం అడ్రస్ 1తో మొదలవుతుంది. అందులో వాడే 58 గుర్తుల్లో సున్నా, పెద్ద ఓ, పెద్ద ఐ, చిన్న ఎల్ ఉండవు. నెల్లూరు, ఒంగోలు, కావలి ఇంగ్లీషులో రాస్తే మూడింట్లోనూ ఎల్ ఉంది కాబట్టి పెద్ద ఎల్‌తో సరిపెట్టుకోవాల్సిందే. బీసీ1తో మొదలయ్యే కొత్త రకంలో 32 గుర్తులే వాడతారు. ఆ ముందుమాట తర్వాత 1, బీ, ఐ, ఓ రావు. ఇక్కడ నెల్లూరు, ఒంగోలు ఓ దగ్గర, కావలి ఐ దగ్గర ఆగిపోతాయి. పెన్నా మాత్రం రెండు రకాల్లోనూ కుదురుతుంది. బీసీ1 అడ్రస్‌లో పూర్తి స్పెల్లింగుతో నెల్లూరు చూపించి అమ్మజూపేవాడు చూపించేది అసలు అడ్రసే కాదు. బేరం అక్కడితో ఆపేయొచ్చు.

బిట్‌కాయిన్ లాంటి ఇంకో నెట్‌వర్క్ ఇథీరియం. దాని అడ్రస్‌లో 0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ వరకే ఉంటాయి. పేర్లకు చోటు తక్కువ, అంకెలకు ఇబ్బంది లేదు. నెల్లూరు ఎస్టీడీ కోడ్ 0861తో మొదలవ్వాలంటే సగటున 65,536 కీలు, ఒంగోలు 08592 కోసం 10,48,576 కీలు వెతకాలి. మామూలు ల్యాప్‌టాప్‌కి అది పనే కాదు.

బిట్‌కాయిన్‌లో 1 తర్వాత పెన్నా అని, మొదటి అక్షరం పెద్ద పీగా కావాలంటే సగటున 26 కోట్ల కీలు చూడాలి. అదే చిన్న పీతో కావాలంటే దాదాపు 1,530 కోట్లు. చిన్న అక్షరంతో మొదలయ్యే అడ్రస్‌లు ఒక గుర్తు పొట్టిగా ఉండేవాటిలోనే దొరుకుతాయి కాబట్టి అంత తేడా. సెకనుకు 10 లక్షల కీలు చూసే మిషన్ మీద మొదటిది నాలుగైదు నిమిషాలు, రెండోది నాలుగు గంటల పైన. ఒక్కో అక్షరం పెంచితే పని 58 రెట్లు పెరుగుతుంది. ఎనిమిది అక్షరాల పేరు కావాలని పట్టుబట్టే వాళ్ళే చివరికి "మేం చేసిపెడతాం" అనే వాళ్ళ చేతిలో పడతారు. నాలుగైదు అక్షరాలతో తృప్తిపడితే పని ఇంట్లోనే అయిపోతుంది.

అసలు ముప్పు: బలహీనమైన మొదలు

కీ 256 బిట్లు ఉన్నంత మాత్రాన బలంగా ఉన్నట్టు కాదు. ప్రోగ్రాము ఆ కీని ఎక్కడినుంచి మొదలుపెట్టి లెక్కించిందో చూడాలి. ఇథీరియం వ్యానిటీ అడ్రస్‌ల కోసం బాగా వాడిన ప్రొఫానిటీ అనే ప్రోగ్రాము తన మొదటి కీని 32 బిట్ల సీడ్ (లెక్క మొదలుపెట్టే సంఖ్య)తో తీసింది. 32 బిట్లంటే 4,29,49,67,296 మొదళ్ళు మాత్రమే. మంచి గ్రాఫిక్స్ కార్డులు ఉన్నవాడు ఆ 429 కోట్ల మొదళ్ళనుంచీ ముందుకు లెక్కించి, మీ అడ్రస్ తగిలే చోట ఆగితే ప్రైవేట్ కీ చేతికొస్తుంది. 2022 సెప్టెంబర్‌లో 1ఇంచ్ అనే క్రిప్టో సంస్థ బృందం ఈ లోపాన్ని బయటపెట్టింది. అదే నెల 20న వింటర్‌మ్యూట్ అనే ట్రేడింగ్ సంస్థ సుమారు 16 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. ఆ సంస్థ అడ్రస్ వరస సున్నాలతో మొదలయ్యేది. మొదట్లో సున్నాలుంటే గ్యాస్ (లావాదేవీకి కట్టే రుసుము) ఖర్చు కొంచెం తగ్గుతుంది. ఆ అడ్రస్‌కి నిధులున్న కాంట్రాక్టు (ఇథీరియం మీద తనంతట తాను నడిచే ప్రోగ్రాము) మీద అధికారం ఉండటంతో నష్టం అంత పెద్దదైంది.

ఇందులో చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ప్రొఫానిటీని డిలీట్ చేసినా, ఆ కీని మంచి వాలెట్‌లోకి (కీలు దాచే యాప్), చివరికి హార్డ్‌వేర్ వాలెట్‌లోకి (కీలు దాచే చిన్న పరికరం) ఎక్కించుకున్నా లాభం లేదు. బలహీనత కీలోనే ఉంది. ఆ అడ్రస్ ఖాళీ చెయ్యాలి. ఏ కాంట్రాక్టుకైనా అది ఓనర్‌గా ఉంటే ఆ అధికారం కూడా వేరే అడ్రస్‌కి మార్చాలి.

ఈ తప్పు వ్యానిటీ ప్రోగ్రాములదే కాదు. 2023లో లిబ్‌బిట్‌కాయిన్ ఎక్స్‌ప్లోరర్ అనే బిట్‌కాయిన్ ప్రోగ్రాము 3 వరసలోని సీడ్ కమాండ్‌లోనూ అదే 32 బిట్ల లోపం బయటపడింది. అప్పటికే దాంతో పుట్టిన వాలెట్లు ఖాళీ అయ్యాయి. సొంత తెలివితో కీ తయారుచేసుకోవడం ఇంకా ప్రమాదం. శతక పద్యం పాదం, ఇంటిపేరు కలిపి పుట్టిన తేదీ, పాట పల్లవి, ఇలాంటివాటిని హాష్ చేసి (లెక్కతో ఒక సంఖ్యగా మార్చి) కీగా వాడితే, అలాంటి మాటలనే కోట్ల సంఖ్యలో వరసగా ప్రయత్నించే ప్రోగ్రాములు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. డబ్బు పడగానే లాగేస్తాయి.

యాదృచ్ఛికత మీ చేతుల్లోనే పుట్టాలనుకుంటే ఆరు ముఖాల పాచిక 100 సార్లు వేసి వచ్చిన అంకెలు కీకి మొదలుగా వరసగా రాసుకోండి. ఒక్కో వేటుకు 2.58 బిట్లు, మొత్తం 258. అష్టాచెమ్మా గవ్వలతో వద్దు, గవ్వ రెండు వైపులా సమానంగా పడదు.

ఎక్కడ, దేంతో చెయ్యాలి

ఇంటర్నెట్ సెంటర్లో, స్నేహితుడి గేమింగ్ పీసీలో, బ్రౌజర్ పేజీలో కీ పుట్టకూడదు. పాత ల్యాప్‌టాప్ తీసుకుని, హార్డ్‌డిస్క్ ఊడదీసి, లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చెయ్యండి. వైఫై కార్డు కూడా తీసేస్తే మరీ మంచిది. ప్రోగ్రాము సోర్స్ కోడ్‌ని అసలు రిపాజిటరీ (రాసినవాళ్ళు కోడ్ ఉంచే చోటు) నుంచి వేరే మిషన్‌లో దించి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, ఇక్కడే కంపైల్ చెయ్యండి (నడిచే ఫైలుగా మార్చండి). యూట్యూబ్ వీడియో కింద లింకులో దొరికే రెడీమేడ్ ఫైలు వద్దు. అది వెతికిపెట్టిన ప్రతి కీనీ ఎవరికో పంపుతున్నా మీకు తెలియదు.

బిట్‌కాయిన్‌కి వ్యానిటీసెర్చ్ అనే ప్రోగ్రాము సరిపోతుంది. సీడ్ అడిగే ఆప్షన్‌లో మీ పేరో, ఫోన్ నంబరో ఇవ్వకండి, ఖాళీగా వదిలెయ్యండి. ఇంకో జాగ్రత్త: ఈ ప్రోగ్రాములు వేగం కోసం ఒక మొదటి కీ తీసుకుని దాని పక్కపక్క కీలను వరసగా చూస్తాయి. ఒకే పరుగులో రెండు అందమైన అడ్రస్‌లు దొరికాయని ఒకటి మీరుంచుకుని ఇంకోటి తమ్ముడికి ఇస్తే, తమ్ముడి కీ బయటపడ్డ రోజు మీదీ దొరికే అవకాశం ఉంది. ప్రతి అడ్రస్‌కీ ప్రోగ్రాముని కొత్తగా మొదలుపెట్టండి.

రోహిణి కార్తెలో మన దగ్గర ల్యాప్‌టాప్‌ని గంటల తరబడి పూర్తి లోడు మీద నడిపితే వేడికి ఆగిపోతుంది. పొడుగు పేరు కావాలంటే గ్రాఫిక్స్ కార్డున్న వేరే మిషన్ కావాలి, దాన్ని నమ్మలేం. దీనికి సరైన దారి కీని రెండు భాగాలు చెయ్యడం. ఆఫ్‌లైన్ ల్యాప్‌టాప్‌లో మొదటి భాగం ప్రైవేట్ కీ తయారుచేసి దాని పబ్లిక్ కీ మాత్రం బయటకు తీసుకెళ్ళండి. కంప్రెస్డ్ (కుదించిన) రూపంలో అది 02 లేదా 03తో మొదలయ్యే 66 గుర్తులు. వెతికే మిషన్ ఆ పబ్లిక్ కీ మీద పనిచేసి రెండో భాగాన్ని ఇస్తుంది. రెండూ కలిస్తేనే అసలు కీ. రెండో భాగం ఒక్కటే దొరికినవాడికి ఏమీ రాదు. ఇథీరియంకి 1ఇంచ్ బృందం తెచ్చిన ప్రొఫానిటీ2 ఇలాగే పనిచేస్తుంది. అది ముందున్న 04 తీసేసి మిగిలిన 128 గుర్తుల పబ్లిక్ కీ అడుగుతుంది.

కలపడం ఆఫ్‌లైన్‌లోనే జరగాలి. ఇథీరియంకి రెండు సంఖ్యలూ కూడి, ఎస్ఈసీపీ256కే1 వక్రరేఖ ఆర్డర్‌తో (ఈ కీల లెక్కకు వాడే ఒక స్థిర సంఖ్య) భాగించి శేషం తీసుకోవాలి. పైథాన్‌లో రెండు వరసల పని, ఏ వెబ్‌సైట్ కాలిక్యులేటరూ వద్దు. వ్యానిటీసెర్చ్ మాత్రం వేగం కోసం కీ గుర్తు తిప్పడం లాంటి చిట్కాలు వాడుతుంది కాబట్టి ఒట్టి కూడికతో ఒక్కోసారి వేరే అడ్రస్ వస్తుంది. దాని సొంత కలిపే ఆప్షన్‌నే వాడండి.

డబ్బిచ్చి వేరేవాళ్ళ చేత వెతికించినా ఈ పద్ధతే. అప్పుడు రెండు ముప్పులున్నాయి. వాళ్ళు పంపిన అడ్రస్‌ని తనిఖీ చెయ్యకుండా ప్రచారం చేస్తే, అది మీ రెండు భాగాల నుంచి వచ్చింది కాక వాళ్ళ సొంత అడ్రస్ కావచ్చు. కలిపిన కీ నుంచి అడ్రస్ మీరే తీసి చివరి అక్షరం దాకా సరిచూడాలి. రెండోది, ఒకే మొదటి భాగంతో రెండు ఆర్డర్లు ఇవ్వడం. ఒక పూర్తి కీ ఎప్పుడైనా బయటపడితే, రెండో భాగాలు తెలిసిన వాడు మీ మొదటి భాగాన్ని తీసి రెండో అడ్రస్‌నీ ఖాళీ చేస్తాడు.

కీతో సహా తయారైన అడ్రస్ అమ్ముతామనే వాళ్ళ దగ్గర ఎంత తక్కువకొచ్చినా కొనకండి. వాడి దగ్గర కాపీ లేదని నిరూపించే దారే లేదు. ట్రాన్ అనే నెట్‌వర్క్ అడ్రస్‌లలో ఇంకో మెలిక ఉంది: అకౌంట్ ఓనర్ అధికారాన్ని వేరే కీకి మార్చేసి అమ్మొచ్చు. అప్పుడు మీ చేతిలోని ప్రైవేట్ కీ నిజమైనదే, వాలెట్‌లో యూఎస్‌డీటీ (డాలరు విలువకు కట్టిన కాయిన్) కనిపిస్తుంది, పంపితే మాత్రం కదలదు.

పరీక్ష, భద్రం

అడ్రస్‌ని బయటకు చెప్పేముందు కొద్ది మొత్తం పంపి, తిరిగి బయటకు తీయండి. డబ్బు రావడం పరీక్ష కాదు, పోవడమే పరీక్ష. బిట్‌కాయిన్‌లో ఒకే కీకి కంప్రెస్డ్, అన్‌కంప్రెస్డ్ అని రెండు పాత రకం అడ్రస్‌లు వస్తాయి. కే లేదా ఎల్‌తో మొదలయ్యే కీ రూపం బదులు 5తో మొదలయ్యేది ఎక్కిస్తే వాలెట్ వేరే అడ్రస్ చూపిస్తుంది. డబ్బు పోలేదు, కీ రూపం తప్పింది, అంతే.

ఇక ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడ. మీ వాలెట్ 12 లేదా 24 మాటల సీడ్ ఫ్రేజ్ ఈ కీని కాపాడదు. విడిగా ఎక్కించిన కీ ఆ మాటల నుంచి పుట్టలేదు. ఫోన్ పోయి సీడ్ ఫ్రేజ్‌తో వాలెట్ తిరిగి తెచ్చుకుంటే వ్యానిటీ అడ్రస్ అందులో ఉండదు. దీనికి వేరే బ్యాకప్ కావాలి. బిట్‌కాయిన్‌కి కే, ఎల్ రూపంలో రాసుకోండి. అందులో చెక్‌సమ్ ఉంటుంది, ఒక్క అక్షరం తప్పితే వాలెట్ పట్టేస్తుంది. 64 గుర్తుల ముడి రూపంలో ఆ కాపలా లేదు, తప్పు రాసినా వాలెట్ మాట్లాడకుండా ఇంకో అడ్రస్ తెరుస్తుంది. పెద్ద, చిన్న అక్షరాల తేడా తెలియడానికి పెద్దవాటి కింద గీత పెట్టండి.

జిరాక్స్ షాపు ప్రింటర్ వద్దు, మెమరీలో కాపీ ఉండిపోవచ్చు. ఇంక్‌జెట్ ప్రింటు మన కోస్తా తేమకే అలుక్కుపోతుంది. 2015 నవంబర్ లాంటి వానలొస్తే బీరువా అడుగున ఉన్న కాగితం సంగతి చెప్పక్కర్లేదు. స్టీలు పలక మీద అక్షరాల పంచింగ్ సెట్‌తో ఇంట్లో మీరే కొట్టుకోండి. గిన్నెల మీద పేర్లు చెక్కే అతని చేత చెక్కిస్తే కీ అతనికీ తెలిసినట్టే.

పెద్ద మొత్తం ఈ అడ్రస్‌లో నిలవ ఉంచకండి. నలుగురికీ చూపించి డబ్బు తీసుకోవడానికే వాడి, వచ్చింది వచ్చినట్టు హార్డ్‌వేర్ వాలెట్‌కి మళ్ళించండి. పేరున్న అడ్రస్‌లో మీ లావాదేవీలన్నీ ఊరందరికీ కనిపిస్తుంటాయి, అది కూడా ఒక కారణం.

అందమే ఎర అయ్యేది ఇలా

మీ అడ్రస్ పెన్నా అని మొదలవుతుందని తెలిసినవాళ్ళు ఆ ఐదక్షరాలు చూసి పంపేస్తారు. అదే ఐదక్షరాలతో ఇంకో అడ్రస్ ఎవడైనా నిమిషాల్లో తయారుచేస్తాడు. ఇథీరియంలో మొదటి నాలుగు, చివరి నాలుగు గుర్తులు కలిసే నకలు కోసం సగటున 429 కోట్ల కీలు చాలు. సెకనుకు 10 కోట్లు చూసే కార్డుకి ముక్కాలు నిమిషం పని. ఆ నకలు నుంచి సున్నా విలువ లావాదేవీ ఒకటి మీ హిస్టరీలో పడేస్తారు, మీరు తర్వాత హిస్టరీ నుంచి కాపీ చేస్తారని. 2024 మేలో ఇలాగే ఒకరు 1,155 డబ్ల్యూబీటీసీ (బిట్‌కాయిన్ విలువకు కట్టిన ఇథీరియం టోకెన్), అప్పటి ధరలో 6.8 కోట్ల డాలర్లకు పైగా, నకలు అడ్రస్‌కి పంపారు. చాలా భాగం తర్వాత తిరిగొచ్చింది గానీ అలా రావడం అరుదు. పంపేవాళ్ళకు పేరు కాక మధ్యలోని ఆరు గుర్తులు చూడమని చెప్పండి. హిస్టరీ నుంచి కాక సేవ్ చేసుకున్న అడ్రస్ బుక్ నుంచే పంపమనండి.

కీ బయటపడిందని అనుమానం వస్తే

ముందు కొత్త సీడ్ ఫ్రేజ్‌తో శుభ్రమైన వాలెట్ తయారుచేసి, విలువ ఎక్కువున్నవి మొదట తరలించండి. ఇథీరియంలో టోకెన్లు ఉండి గ్యాస్‌కి ఈథర్ (ఇథీరియం సొంత కాయిన్) లేకపోతే తొందరపడి ఈథర్ పంపకండి. కాపు కాసిన బాట్ (దొంగ పెట్టిన ప్రోగ్రాము) దాన్ని క్షణాల్లో లాగేస్తుంది. గ్యాస్ పంపడం, టోకెన్ తరలించడం రెండూ ఒకే ప్రైవేట్ బండిల్‌గా (బాట్‌కి ముందే కనిపించకుండా ఒకేసారి వెళ్ళే లావాదేవీల కట్ట) పంపాలి. డబ్బు పోయి ఉంటే లావాదేవీ హాష్‌లు (ఒక్కో లావాదేవీ గుర్తింపు సంఖ్య), అడ్రస్‌లు, సమయం రాసిపెట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. దొంగ ఆ డబ్బుని ఏదైనా ఎక్స్‌చేంజ్‌కి పంపితే అక్కడ ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఉంటుంది. ఆ తర్వాత టెలిగ్రామ్‌లో "పోయిన కాయిన్లు తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి, సీడ్ ఫ్రేజ్ చెప్పండి" అంటూ వచ్చేవాళ్ళకు జవాబివ్వకుండా బ్లాక్ చెయ్యండి.