బాగుచేయించిన పాత రివాల్వర్ పేల్చొచ్చా? నా అనుభవం

టెక్సాస్‌లో కొన్న స్మిత్ అండ్ వెసన్ విక్టరీ మోడల్. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బ్రిటన్‌కు పంపిన రకం. హామర్ (తూటాని పేల్చే వెనక సుత్తి) మెల్లగా లాగితే, తూటాలుండే సిలిండర్ పూర్తిగా తిరక్కుండానే ఆగిపోయేది. గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) లోపల సిలిండర్‌ని తిప్పే హ్యాండ్ అనే ముక్క మార్చాడు.

ఇంటికొచ్చాక తూటాలేవీ లేవని చూసుకుని, సిలిండర్‌లో తూటాలు పెట్టే ఆరు గదులకూ విడివిడిగా హామర్ లాగాను. ప్రతిసారీ హామర్ నిలబడేలోపే సిలిండర్ టక్కున లాక్ పడింది. బ్యారెల్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్‌లో 0.006 అంగుళం. భేష్.

అసలు పేచీ గదుల్లో ఉంది. బ్రిటన్‌కు పంపినవి .38 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) తూటాకి చేసినవి. యుద్ధం తర్వాత చాలావాటిని పొడుగాటి .38 స్పెషల్ అనే తూటా పట్టేలా తొలిచి అమ్మేశారు. స్పెషల్ తూటా ఖాళీ ఇత్తడి తొడుగు వేసి చూశా: మొత్తం దిగింది, కానీ వెనక లొడలొడమంది. పాత ఎస్ అండ్ డబ్ల్యూ తూటా తొడుగు వెడల్పు 0.386 అంగుళం, స్పెషల్‌ది 0.379. ఆ కాస్త తేడాకే పేలినప్పుడు ఇత్తడి ఉబ్బుతుంది, చీలొచ్చు కూడా.

రిపేరుకి వంక పెట్టను. స్పెషల్ తూటా మాత్రం ఇందులో వేయను. గన్‌స్మిత్‌కి చెబితే, అమ్మేటప్పుడు ఆ సంగతి చీటీ మీద రాసి మరీ ఇవ్వమన్నాడు.