జబ్బ కొలవండి, జావ చిక్కగా పెట్టండి

పిల్లాడు చిక్కిపోతుంటే "గుంటడికి వాళ్ల తాత పోలిక" అని ఊరుకోవద్దు. మన శ్రీకాకుళం పల్లెల్లో అమ్మానాన్న వలసపోయి, నాయనమ్మ దగ్గర పెరిగే పిల్లల విషయంలో ఈ మాట మరీ ఎక్కువ వినిపిస్తుంది.

అంగన్‌వాడీ టీచర్ దగ్గర జబ్బ చుట్టుకొలత చూసే మూడు రంగుల టేపు ఉంటుంది, అడగండి. ఆరు నెలలు నిండిన దగ్గర్నుంచి ఐదేళ్ల లోపు పిల్లలందరికీ అదే కొలత. ఎడమ చేతిని మోచేతి దగ్గర మడిచి, భుజం ఎముకకీ మోచేయి కొనకీ సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టి, చెయ్యి కిందికి వదిలేశాక టేపు చుట్టాలి, బిగించకూడదు, వదులుగానూ ఉండకూడదు. 11.5 సెం.మీ. కంటే తక్కువైతే ఎరుపు, తీవ్రమైన పోషకాహార లోపం. 12.5 లోపు పసుపు. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి చూడండి, గుంట అలాగే ఉండిపోతే అది వాపు, టేపు ఏం చెప్పినా ప్రమాదమే. ఒళ్లు నిండుగా ఉందనుకునేది ఆ వాపు చూసే.

ఇక తిండి. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ నీళ్లలా కాచి తాగిస్తే చిన్న పొట్ట నీళ్లతోనే నిండిపోతుంది, బలం మాత్రం రాదు. చెంచా వంచితే గబుక్కున జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. అందులో ఒక చెంచా నూనో నెయ్యో, మెదిపిన పప్పు, మునగాకు, గుడ్డు, ముల్లు తీసిన చేప, ఏది దొరికితే అది కలపండి. పలాస జీడిపప్పే కావాలా, వేయించిన వేరుశనగ పొడి చాలు (గింజలు మాత్రం వద్దు, గొంతుకి అడ్డం పడతాయి). 6-8 నెలల్లో రోజుకి 2-3 సార్లు, 9 నెలలు దాటాక 3-4 సార్లు, మధ్యలో పండో ఏదో. తల్లిపాలు రెండేళ్లు దాటేదాకా. గిన్నె విడిగా పెట్టండి, ఎంత తిన్నాడో తెలుస్తుంది. అంగన్‌వాడీలో పిల్లాడి కోసం ఇచ్చే బాలామృతం ప్యాకెట్ ఇంటిల్లిపాదికీ పంచేస్తే ఎవరికీ పనికిరాదు.

విరేచనాలైతే తిండి మాన్పించొద్దు. ఓఆర్ఎస్ తాగించి, ఏఎన్ఎం (ఊరి నర్సమ్మ) ఇచ్చే జింకు మాత్రలు తగ్గినా సరే 14 రోజులూ వెయ్యండి.

ఎరుపు వచ్చినా, పాదాలు వాచినా, తినడం మానేసి మగతగా పడుకున్నా ఇంటి జావతో బాగుచేద్దామని ఆగొద్దు, ఆ రోజే పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) తీసుకెళ్లండి. అక్కడి నుంచి పోషకాహార పునరావాస కేంద్రానికి పంపితే దాదాపు రెండు వారాలు ఉండాల్సి రావచ్చు. కూలి పోతుందని, ఇంట్లో మిగతా పిల్లలున్నారని చాలామంది తల్లులు మధ్యలోనే వచ్చేస్తారు. అందుకని బయల్దేరేముందే ఆ పిల్లల్ని చూసుకునే మనిషిని మాట్లాడిపెట్టండి, ఆశా కార్యకర్తకీ చెప్పండి.