పాత అమెరికన్ మేడ్ చొక్కా ఎలా వెతకాలి, దొరికాక ఎలా చూసుకోవాలి

మా నాన్న తెనాలిలో టైలర్. ఎవరు చొక్కా చేతికిచ్చినా ముందు బయట చూడడు, తిరగేసి లోపలి కుట్టు చూస్తాడు. 2006లో మొదటిసారి అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే మా దగ్గరకి వచ్చినప్పుడు నేను వాడిన బట్టలు అమ్మే గుడ్‌విల్ షాపులో 6 డాలర్లకి కొన్న లేత నీలం ఆక్స్‌ఫర్డ్ చొక్కా చూపించా. ఎవరో వాడిన బట్టలు కొంటావా అని తిడతాడేమో అనుకున్నా, ఆయనేమో దాన్ని కిటికీ దగ్గరకి తీసుకెళ్లి తిరగేసి, చంక దగ్గర్నుంచి కింద అంచు దాకా వేలితో తడుముకుంటూ వెళ్లి, "ఎక్కడ కుట్టార్రా ఇది, ఒక్క పోగు బయటికి లేదు" అన్నాడు. లేబుల్ మీద బ్రూక్స్ బ్రదర్స్ మేకర్స్ అని, మేడ్ ఇన్ యూఎస్ఏ అని ఉంది. అప్పట్నుంచి ఈ చొక్కాలంటే నాకు ప్రాణం. ఎలా గుర్తుపడతావ్, ఏం చూసి కొంటావ్ అని ఫ్రెండ్స్ అడుగుతూనే ఉంటారు కాబట్టి నాకు తెలిసింది మొత్తం ఇక్కడ రాసేస్తున్నా.

ముందు పేర్లు తెలియాలి. న్యూయార్క్ రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊరుంది, దానికి కాలర్ సిటీ అనే పేరు. 1827లో అక్కడ హన్నా మాంటేగ్ అనే ఆవిడ, కాలర్ ఒక్కటి మాసినందుకు చొక్కా మొత్తం ఉతకడం దేనికని మొగుడి చొక్కాల కాలర్లు కత్తిరించి, విడిగా ఉతికి మళ్లీ తగిలించిందని చెప్తారు, అలా మొదలై ఊరు ఊరంతా కాలర్ల వ్యాపారం అయింది. యారో చొక్కాల క్లూయెట్ పీబాడీ కంపెనీ కూడా ట్రాయ్‌దే. ఉతికితే బట్ట కుంచించుకుపోకుండా ముందే కుదించే పద్ధతి కనిపెట్టింది ఆ ఇంటాయన శాన్‌ఫర్డ్ క్లూయెట్, శాన్‌ఫరైజ్డ్ అన్న మాట ఆయన పేరు మీద వచ్చిందే. మన దగ్గర పాత తానుల అంచు మీద కూడా ఆ ముద్ర ఉండేది, అది ఒక మనిషి పేరు అని చెప్తే మా నాన్న ఎంత సంతోషపడ్డాడో.

బ్రూక్స్ బ్రదర్స్ 1818 నాటి కంపెనీ. ఇంగ్లాండ్‌లో పోలో ఆడేవాళ్లు కాలర్ మొహం మీద కొట్టుకోకుండా గుండీలు పెట్టుకోవడం చూసొచ్చి, కాలర్ కొసలకి గుండీలున్న చొక్కా మొదలుపెట్టింది వీళ్లే. గాంట్ 1949లో కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో మొదలైంది, వీపు వెనక పైన చిన్న గుడ్డ ఉచ్చు కనిపిస్తుంది చూడండి, లాకర్‌లో కొక్కేనికి తగిలించుకోవడానికి, అది వీళ్లతోనే బాగా పాకింది. అదే ఊరి పేర్లు ఇంకో రెండు, సీరో, జే ప్రెస్, ఈ జే ప్రెస్ వాళ్ల జేబుకి మూత ఉంటుంది. హాథవే మెయిన్ రాష్ట్రంలో వాటర్‌విల్‌ది, 1951లో యాడ్లు తీసే డేవిడ్ ఓగిల్వీ కంటికి నల్ల గంత కట్టిన పెద్దమనిషితో యాడ్ వేస్తే దేశమంతా ఆ పేరు తెలిసిపోయింది. ఆ ఫ్యాక్టరీ 2002లో మూతపడింది. బ్రూక్స్ వాళ్లకి నార్త్ కరోలినాలో గార్లండ్ అనే చిన్న ఊళ్లో చొక్కాల ఫ్యాక్టరీ ఉండేది, అదీ 2020లో పోయింది. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా మనసు బాలేదు, అంత చిన్న ఊళ్లో అంతమంది చేతుల్లో ఉన్న పని అలా ఆగిపోతే ఇంక ఎవరు నేర్పిస్తారు, ఎవరికి నేర్పిస్తారు.

షాపులో హ్యాంగర్లు జరుపుతున్నప్పుడు లేబుల్ కంటే ముందు బట్ట పట్టుకోండి. ఆక్స్‌ఫర్డ్ బట్ట దగ్గర్నుంచి చూస్తే బుట్ట అల్లికలా ఉంటుంది, చేతికి కాస్త మందంగా తగులుతుంది. నునుపుగా జారిపోతుంటే పాలిస్టర్ కలిసి ఉంటుంది. 1953లోనే బ్రూక్స్ వాళ్లు డేక్రాన్ అనే పాలిస్టర్ కలిపి ఇస్త్రీ అక్కర్లేని చొక్కా తెచ్చారు కాబట్టి పాతది కదా అని ప్యూర్ కాటన్ అయిపోదు, లేబుల్ చదవాల్సిందే.

లేబుల్‌తోనే వయసు కూడా కొంత చెప్పొచ్చు. ఎలా ఉతకాలో రాసిన ముక్క లోపల కుట్టాలన్న రూల్ అమెరికాలో 1972లో వచ్చింది. మాటలు లేకుండా వాషింగ్ బొమ్మలు మాత్రమే ఉంటే 1997 తర్వాతది. మేడ్ ఇన్ యూఎస్ఏ అని తప్పనిసరిగా రాయాలన్న చట్టం 1984లో వచ్చింది, అంతకుముందు చొక్కాల మీద చాలావాటికి ఆ మాటే ఉండదు, అది చూసి విదేశీది అనుకుని వదిలేయొద్దు. ఆర్ఎన్ అని ఒక నంబర్ కనిపిస్తుంది, అది కంపెనీ నంబర్, అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సైట్‌లో కొడితే ఎవరిదో తెలుస్తుంది, చొక్కా కుట్టిన సంవత్సరం మాత్రం చెప్పదు. కొన్నిట్లో అమాల్గమేటెడ్ క్లోతింగ్ వర్కర్స్ ఆఫ్ అమెరికా అని చిన్న యూనియన్ ముక్క ఉంటుంది, 1976లో వాళ్లు ఇంకో యూనియన్‌తో కలిసి పేరు మార్చుకున్నారు కాబట్టి పాత పేరు కనిపిస్తే చొక్కా దాదాపు అంతకుముందుదే.

ఇప్పుడు మా నాన్న పద్ధతి, తిరగేయండి. పక్క కుట్టు లోపల ఓవర్‌లాక్ దారాలు కనిపిస్తే మామూలు చొక్కా. అంచులు లోపలికి మడిచి, బయట ఒక్క వరసే కుట్టు కనిపిస్తే సింగిల్ నీడిల్ పని, దీనికి టైం ఎక్కువ పడుతుంది, ఒకే కుట్టు రెండుసార్లు వేయాలి, కానీ ఎన్ని ఉతుకులైనా ముడతలు పడి గుంజుకోదు. తర్వాత కాలర్ రెండు వేళ్ల మధ్య పెట్టి నలపండి. లోపలి గుడ్డ విడిగా కదులుతుంటే కుట్టిన కాలర్, అట్టలా ఒకే ముక్కగా తగిలితే లోపల బక్రం అనే గట్టి గుడ్డ అతికించారన్నమాట. పాత బ్రూక్స్ కాలర్లలో లోపల అసలేమీ ఉండదు, అందుకే గుండీ పెట్టినప్పుడు కాలర్ మెత్తగా విల్లులా ఒంగుతుంది, ఆ ఒంపు కోసమే ఇంత వెతుకులాట. గుండీలు ముత్యపు చిప్పవైతే పెదవికి ఆనిస్తే చల్లగా ఉంటాయి, ప్లాస్టిక్‌వి ఉండవు. ప్లాస్టిక్ అయితే పనికిరాదని కాదు, మంచి చొక్కాలకి కూడా ఉంటాయి.

సైజు దగ్గర మాత్రం లేబుల్ నమ్మొద్దు. 16-34 అని ఉంటే మెడ 16 ఇంచులు, వీపు మధ్య నుంచి భుజం మీదుగా మణికట్టు దాకా 34 అని లెక్క, కానీ పాతికేళ్లు ఉతికిన కాటన్ కుంచించుకుపోయి ఉంటుంది, 16 కాస్తా 15½ అవుతుంది. టేప్ జేబులో పెట్టుకెళ్లి కాలర్ పరిచి గుండీ మధ్య నుంచి కాజా అవతలి చివర దాకా కొలవండి. ఆన్‌లైన్‌లో అయితే చంక నుంచి చంక ఎంతో అమ్మేవాళ్లని అడిగి, మీ దగ్గర బాగా కుదిరిన చొక్కాతో పోల్చండి. నేనొకసారి అడక్కుండా 40 డాలర్లు పెట్టి కొన్నది చేతులు రెండు ఇంచులు పొట్టి, వెనక్కి తీసుకోలేదు. నడుము దగ్గర ఇవి చాలా లూజుగా ఉంటాయి, ఆ కాలం కటింగే అంత, దాన్ని పట్టించి బిగుతు చేయించకండి, టక్ చేస్తే బావుంటుంది.

ఇంటికి తెచ్చాక కాలర్ పసుపుగా ఉంటే క్లోరిన్ బ్లీచ్ జోలికి పోవద్దు, దారం బలం తినేస్తుంది. బకెట్ గోరువెచ్చని నీళ్లలో ఆక్సిజన్ బ్లీచ్ పొడి కలిపి రాత్రంతా నానబెట్టండి, ముందు కాలర్ మడత మీద గిన్నెలు తోమే లిక్విడ్ రాసి మెత్తటి బ్రష్‌తో రుద్దితే జిడ్డు వదులుతుంది. నీళ్లు టీ డికాషన్ రంగులోకి మారతాయి, అంటే పని చేస్తోందన్నమాట, అవసరమైతే ఇంకో రాత్రి. డ్రయర్ వద్దు, విదిలించి హ్యాంగర్ మీద ఆరేయండి.

ఇస్త్రీ కాస్త తడి ఉండగానే చేయాలి. ముందు కాలర్ వెనక వైపు, కొసల నుంచి మధ్యకి, మధ్య నుంచి కొసలకి వెళ్తే ముడత కొసలో పేరుకుంటుంది. తర్వాత భుజాలు, కఫ్‌లు, చేతులు, చివర్లో చొక్కా ముందు వైపు, వీపు. గంజి పెట్టొద్దు. మన ఇళ్లలో తెల్ల చొక్కా అంటే గంజి పెట్టి కరకరలాడాల్సిందే, నాకూ ఆ ఇస్త్రీ వాసన ఇష్టమే, కానీ ఈ కాలర్ గట్టిపడితే ఒంపు పోతుంది. కాలర్ మడత మీద ఇస్త్రీ పెట్టె ఆనించకండి, చేత్తో మడిచి గుండీ పెడితే అదే ఒంగుతుంది.

కొత్తగా కొందామంటే ఇప్పటికీ కుట్టేవాళ్లున్నారు. పెన్సిల్వేనియాలో యాష్‌లండ్ నుంచి గిట్‌మన్, హ్యూస్టన్‌లో 1883 నుంచి ఉన్న హామిల్టన్, మా ఎడిసన్ పక్కనే పెర్త్ అంబాయ్‌లో ఇండివిడ్యువలైజ్డ్ షర్ట్స్. ఖరీదే, కానీ కొలత ఇచ్చి కుట్టించుకోవచ్చు.

కాలర్ మడత అరిగి పోగులు లేస్తే పారేయకండి. నా నీలం చొక్కాకి 2011లో అలాగే అయితే తెనాలి పట్టుకెళ్లా. నాన్న బ్లేడుతో మెడ పట్టీ కుట్టు విప్పి, పైన మడతపడే ముక్క బయటికి లాగి, అరిగిన వైపు కిందికి వచ్చేలా తిప్పి, మళ్లీ అదే కుట్టు రంధ్రాల మీద నడిపాడు, ముప్పావుగంట పట్టింది. కాజాలు రెండువైపులకీ ఉంటాయి కాబట్టి కొసల గుండీలు మామూలుగానే పడతాయి. ఇక్కడ టైలర్లు చేయమంటే కొందరు కుదరదంటారు, ఇండియా వెళ్లేటప్పుడు పాత టైలర్ దగ్గరకి తీసుకెళ్లి కాలర్ తిప్పాలి అనండి చాలు, ఆయనకి తెలుస్తుంది. దారం మాత్రం ఇక్కడే చొక్కా రంగుకి సరిపోయేది కొనుక్కుని వెళ్లండి, ఆ లేత నీలం కోసం మేం తెనాలిలో నాలుగు షాపులు తిరిగాం.