అమెరికా పౌరులు రిటైరై హైదరాబాద్‌లో స్థిరపడితే: రెండు దేశాల పన్ను లెక్క

అమెరికా పౌరసత్వం, భారతీయ మూలాలవారికిచ్చే ఓసీఐ కార్డు ఉండి, ఉద్యోగ విరమణ తర్వాత హైదరాబాద్‌కో విజయవాడకో విశాఖకో వచ్చేసేవాళ్లు ఏటా రెండు రిటర్నులు వేయాలి. అమెరికా పౌరసత్వాన్ని చూసి పన్ను వేస్తుంది కాబట్టి ఎక్కడ ఉన్నా అక్కడి వార్షిక రిటర్ను ఫారం 1040 తప్పదు. భారత్ ఇక్కడ ఎన్ని రోజులున్నారో చూసి వేస్తుంది. గ్రీన్‌కార్డుదారులకూ ఆ కార్డు ఉన్నంతకాలం ఇదే లెక్క. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది కాబట్టి ఒకే ఆదాయానికి రెండుసార్లు పన్ను పడదని చాలామంది ధీమాగా ఉంటారు. ఒప్పందం ఉంది, నిజమే. కానీ అడిగినవాళ్లకే, సరైన ఫారం సమయానికి వేసినవాళ్లకే అది పనికొస్తుంది.

దిగే తేదీ దగ్గరే లెక్క మొదలవుతుంది

ఇక్కడి ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు. అందులో 182 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంట్. దిగిన రోజు, విమానం ఎక్కిన రోజు రెండూ లెక్కలోకే వస్తాయి. రెండో కొలత కూడా ఉంది: ఆ ఏడాది 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఉన్నా రెసిడెంటే. చుట్టపుచూపుగా వచ్చే భారతీయ మూలాలవారికి ఈ 60 రోజుల విషయంలో సడలింపు ఉంది. స్థిరపడటానికి వచ్చేవాళ్లు దాన్ని నమ్ముకోకూడదు.

అందుకే అక్టోబర్ మధ్యలో దిగడం మంచిది. అక్టోబర్ 15న వస్తే మార్చి 31కి 168 రోజులే అవుతాయి. గత నాలుగేళ్ల రాకపోకలు 365 రోజులకు చేరకపోతే ఆ ఏడాది నాన్ రెసిడెంట్‌గానే మిగులుతారు. జూన్‌లోనో జులైలోనో వస్తే ఆ ఏడాది చేజారిపోతుంది.

తర్వాత వచ్చేది ఆర్‌ఎన్‌ఓఆర్ దశ, అంటే రెసిడెంటే కానీ సాధారణ రెసిడెంట్ కాదు. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్ అయినా, గత ఏడేళ్లలో ఇక్కడ ఉన్నది 729 రోజులకు మించకపోయినా ఈ హోదా వస్తుంది. రెండింటిలో ఒకటి చాలు. ఈ దశలో అమెరికా ఆదాయం మీద ఇక్కడ పన్ను లేదు. పైన చెప్పినట్టు 2025 అక్టోబర్ 15న వచ్చినవారికి 2026-27, 2027-28 రెండేళ్లూ ఆర్‌ఎన్‌ఓఆర్ దక్కుతుంది. 2028-29కి పదేళ్ల కొలత పోతుంది, ఇక 729 రోజుల కొలతే ఆధారం. ఏటా మూడు నాలుగు నెలలు మనవళ్ల దగ్గరికి వెళ్లొచ్చేవాళ్లకు, అంతకుముందు సెలవులకు పెద్దగా రానివాళ్లకు మూడో ఏడాదీ కలిసిరావచ్చు. పాస్‌పోర్టులోని ముద్రలన్నీ చూసి గత ఏడేళ్ల రోజులను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నోటీసు వస్తే మొదట అడిగేది అదే.

ఒక్క జాగ్రత్త. ఆర్‌ఎన్‌ఓఆర్‌కైనా నాన్ రెసిడెంట్‌కైనా భారత్‌లో అందుకున్న ఆదాయం మీద పన్ను ఉంటుంది. 401కె (అమెరికా ఉద్యోగపు రిటైర్మెంట్ ఖాతా) డబ్బో డివిడెండో నేరుగా హైదరాబాద్ బ్యాంకు ఖాతాలో పడితే "ఇక్కడే అందుకున్నారు" అంటారు. మొదట అమెరికా బ్యాంకులో పడనివ్వండి, తర్వాత ఇక్కడికి పంపుకోండి. అలా పంపుకున్నది ఆదాయం కాదు, మీ డబ్బు మీరు తెచ్చుకోవడమే.

ఆ రెండు మూడేళ్లలో చేయాల్సిన పనులు

మొత్తం వ్యవహారంలో ఎక్కువ డబ్బు మిగిలేది ఇక్కడే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే.

లాభంలో ఉన్న అమెరికా షేర్లు అమ్మి, కావాలంటే వెంటనే తిరిగి కొనండి. సాధారణ రెసిడెంట్ అయ్యాక అమ్మితే ఇరవై ఏళ్ల కిందటి కొన్న ధర నుంచి మొత్తం లాభం మీద ఇక్కడ పన్ను పడుతుంది. మీరు రెసిడెంట్ అయిన రోజు ధరను ఈ చట్టం లెక్కలోకి తీసుకోదు. అమ్మి వెంటనే తిరిగి కొంటే నష్టాన్ని చూపనివ్వని అమెరికా వాష్ సేల్ నిబంధన నష్టాలకే వర్తిస్తుంది కాబట్టి లాభానికి అమ్మి తిరిగి కొనడానికి అడ్డు లేదు. అమెరికాలో లాభాల పన్ను మామూలుగా కట్టాలి.

అక్కడి ఇల్లు అమ్మే ఉద్దేశం ఉంటే ఆలస్యం చేయొద్దు. గత ఐదేళ్లలో రెండేళ్లు అందులో ఉన్నవారికి అమెరికాలో 2,50,000 డాలర్ల లాభం వరకు, దంపతులు కలిసి వేస్తే 5,00,000 వరకు మినహాయింపు. అంటే ఖాళీ చేసిన మూడేళ్లలోపు అమ్మాలి. ఇక్కడ ఆ మినహాయింపు లేదు, కాబట్టి ఆర్‌ఎన్‌ఓఆర్ ఉండగానే రిజిస్ట్రేషన్ పూర్తికావాలి.

రాత్ ఖాతా (పన్ను కట్టిన డబ్బు వేసి, తర్వాత పన్ను లేకుండా తీసుకునే అమెరికా రిటైర్మెంట్ ఖాతా) సంగతి మరింత సున్నితం. అక్కడ పన్ను లేని సొమ్ము ఇక్కడా పన్ను లేనిది అనుకోకండి. భారత చట్టంలో రాత్‌కు ప్రత్యేక గుర్తింపు లేదు. తీయాల్సింది ఉంటే ఈ గడువులోనే తీయడం మేలు. మామూలు ఐఆర్‌ఏ (సొంతంగా తెరిచే రిటైర్మెంట్ ఖాతా), 401కె నుంచి కూడా కొంత తీయవచ్చు. అయితే ఒకే ఏడాది అంతా లాగితే అమెరికా శ్లాబు పైకి ఎగబాకుతుంది, ఇక్కడ మిగిలింది అక్కడ పోతుంది. 59½ ఏళ్లు నిండకపోతే 10 శాతం అదనపు పన్ను.

ఇక్కడి బ్యాంకులో ఎన్‌ఆర్‌ఈ (నాన్ రెసిడెంట్ల రూపాయి) ఖాతాను అలాగే ఉంచేయకూడదు. విదేశీ మారకపు చట్టం ఫెమా ప్రకారం రెసిడెంట్ అయ్యాక దాన్ని రెసిడెంట్ ఖాతాగానో ఆర్‌ఎఫ్‌సీ (రెసిడెంట్ ఫారిన్ కరెన్సీ) ఖాతాగానో మార్పించుకోవాలి. ఆర్‌ఎఫ్‌సీలో డాలర్లుగానే ఉంటుంది, ఆర్‌ఎన్‌ఓఆర్ ఉన్నంతవరకు దాని వడ్డీకి పన్ను లేదు.

సాధారణ రెసిడెంట్ అయ్యాక ఏ ఆదాయం ఎక్కడ

సోషల్ సెక్యూరిటీ (అమెరికా ప్రభుత్వ పెన్షన్): ఒప్పందం 20వ అధికరణం రెండో పేరా ప్రకారం అమెరికాలోనే పన్ను. ఇక్కడి ఐటీఆర్-2లో షెడ్యూల్ ఈఐలో, ఒప్పందం వల్ల పన్ను లేని ఆదాయంగా చూపాలి. అసలు చూపకుండా వదిలేస్తే బ్యాంకులో పడే డబ్బుకు వివరణ లేకుండా పోతుంది.

401కె, ఐఆర్‌ఏ: ఇక్కడ ముందు చేయాల్సింది ఫారం 10-ఈఈ. సెక్షన్ 89ఏ కింద ఇది వేస్తే ఖాతా లోపల ఏటా పెరిగేదానికి ఇక్కడ పన్ను ఉండదు, తీసుకున్న ఏడాదే పడుతుంది. సాధారణ రెసిడెంట్‌గా వేసే మొదటి రిటర్ను గడువులోపే ఈ ఫారం వేయాలి. ఒకసారి ఎంచుకుంటే వెనక్కి తీసుకోలేరు. తర్వాత మళ్లీ నాన్ రెసిడెంట్ అయితే అసలు ఎంచుకోనట్టే లెక్క, పాత ఏళ్ల పెరుగుదలకు పన్ను వస్తుంది. అమెరికాకు తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు ఇది బాగా ఆలోచించి వేయాలి.

తీసుకున్న సొమ్ము మీద నివాస దేశంగా భారత్, పౌరసత్వం కారణంగా అమెరికా, రెండూ పన్ను అడుగుతాయి. ఇక్కడ కట్టినదాన్ని అమెరికాలో ఫారం 1116 ద్వారా తగ్గించుకోబోతే చిక్కు వస్తుంది: అమెరికాలో చేసిన ఉద్యోగపు పెన్షన్ అమెరికా ఆదాయమే కాబట్టి మామూలు గడిలో రాస్తే క్రెడిట్ (వేరే దేశంలో కట్టిన పన్నుకిచ్చే తగ్గింపు) సున్నా చూపిస్తుంది. ఒప్పందం వల్ల మూలం మారిన ఆదాయానికి ఆ ఫారంలో వేరే వర్గం ఉంది. సాధారణ సాఫ్ట్‌వేర్ దాన్ని తానుగా ఎంచుకోదు. ఈ ఒక్క పనికి రెండు దేశాల రిటర్నులూ చూసే నిపుణుడికి ఫీజు ఇవ్వడం దండగ కాదు. ఒకే పన్నుకు రెండు దేశాల్లోనూ క్రెడిట్ మాత్రం అడగకండి.

వడ్డీ, డివిడెండ్లు: ఒప్పందం ప్రకారం మూల దేశంగా అమెరికా వడ్డీ మీద 15 శాతం, డివిడెండ్ మీద 25 శాతం వరకు వేయవచ్చు. అంతవరకు ఇక్కడ క్రెడిట్ అడగవచ్చు. దానికి ఫారం 67 వేసి, పన్ను కట్టిన రుజువుగా అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైటు నుంచి తీసిన ట్రాన్‌స్క్రిప్టు జతచేయాలి. రూపాయల్లోకి మార్చడానికి స్టేట్ బ్యాంక్ టీటీ బయింగ్ రేటు (బ్యాంకు డాలర్లు కొనే ధర) వాడాలి, గూగుల్‌లో కనిపించేది కాదు.

చిక్కంతా క్యాలెండర్లలో ఉంటుంది. 2027 ఫిబ్రవరి డివిడెండ్ ఇక్కడ 2026-27లోకి, అక్కడ 2027 రిటర్నులోకి వెళ్తుంది. బ్రోకర్ ఇచ్చే క్యాలెండర్ ఏడాది ఆదాయ పత్రం 1099ని అలాగే దింపేస్తే ఇక్కడి లెక్క తప్పుతుంది. నెలవారీ స్టేట్‌మెంట్లతో పన్నెండు వరుసల పట్టిక వేసుకుంటే రెండు రిటర్నులకూ పనికొస్తుంది.

షెడ్యూల్ ఎఫ్‌ఏలో విదేశీ ఖాతాలు, షేర్లు, ఇల్లు అన్నీ చూపాలి. ఇది మాత్రం డిసెంబర్ 31తో ముగిసే క్యాలెండర్ ఏడాదికి. మరిచిపోతే నల్లధన చట్టం కింద ఏడాదికి 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. స్థిరాస్తి కాకుండా మిగతా విదేశీ ఆస్తి మొత్తం 20 లక్షలలోపు ఉంటే 2024 అక్టోబర్ 1 నుంచి ఆ జరిమానా లేదు. ఆర్‌ఎన్‌ఓఆర్ ఉన్నన్నాళ్లు ఈ షెడ్యూల్ అక్కర్లేదు. వ్యాపార ఆదాయం లేని 60 ఏళ్లు దాటిన రెసిడెంట్లకు అడ్వాన్స్ ట్యాక్స్ బాధా లేదు.

పైన రాసిన సెక్షన్, ఫారం నంబర్లు 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం అమలు కాబట్టి ఆ తర్వాతి ఆదాయానికి పోర్టల్‌లో నంబరు కాకుండా ఫారం దేనికోసమో చదివి ఎంచుకోండి.

అమెరికా వైపు దొర్లే తప్పులు

విదేశీ సంపాదన మినహాయింపు, అంటే ఫారం 2555, పెన్షన్‌కు వర్తించదు. అది జీతానికి, స్వయం ఉపాధికి మాత్రమే.

ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) వేయాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు, పీపీఎఫ్, అమ్మానాన్నలతో ఉమ్మడిగా ఉన్న ఖాతా, సంతకం చేసే అధికారం మాత్రమే ఉన్నది, అన్నీ లెక్కలోకి వస్తాయి. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబర్ 15 వరకు పొడిగింపు ఉంటుంది. దీనికి తోడు విదేశీ ఆర్థిక ఆస్తుల వివరాలిచ్చే ఫారం 8938: విదేశంలో ఉండే ఒంటరివారికి ఏడాది చివర 2,00,000 డాలర్లు లేదా మధ్యలో ఎప్పుడైనా 3,00,000 దాటితే, దంపతులు కలిసి వేస్తే 4,00,000 లేదా 6,00,000 దాటితే వేయాలి.

ఊళ్లో వారసత్వంగా వచ్చిన పొలం కౌలుకు ఇక్కడ పన్ను లేదు కదా అని 1040లో వదిలేస్తారు. అక్కడ అది ఆదాయమే. ఇక్కడ పన్ను కట్టలేదు కాబట్టి తగ్గించుకోవడానికి క్రెడిట్ కూడా ఉండదు. పీపీఎఫ్ వడ్డీదీ అదే దారి.

ఇక్కడి మ్యూచువల్ ఫండ్లు మాత్రం వద్దే వద్దు. అమెరికా దృష్టిలో అవి పీఎఫ్‌ఐసీలు, అంటే కఠినంగా పన్ను వేసే విదేశీ పెట్టుబడి సంస్థలు. ఫండుకొక ఫారం 8621, లాభం మీద అత్యధిక శ్లాబు రేటు, పైన వడ్డీ. ఏజెంటు సిప్ మొదలుపెట్టమన్నప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి. నేరుగా కొన్న షేర్లకు, బ్యాంకు డిపాజిట్లకు ఈ గొడవ లేదు.

1951-59 మధ్య పుట్టినవారు 73 ఏళ్లకు, 1960లోనో తర్వాతో పుట్టినవారు 75కి ఐఆర్‌ఏ నుంచి కనీస మొత్తం తీయడం మొదలుపెట్టాలి. తీయకపోతే తక్కువైనదానిపై 25 శాతం జరిమానా పన్ను.

విదేశంలో ఉండేవారికి 1040 గడువు జూన్ 15. కట్టాల్సిన పన్ను మీద వడ్డీ మాత్రం ఏప్రిల్ 15 నుంచే నడుస్తుంది. ఇక్కడి రిటర్ను అంకెలు చేతికొచ్చేదాకా ఆగాలంటే ఫారం 4868తో అక్టోబర్ 15 వరకు గడువు తీసుకోండి.

కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లు డ్రైవింగ్ లైసెన్సు, ఓటు అక్కడే ఉంచుకుంటే రాష్ట్ర పన్ను వెంటాడవచ్చు. నివాసం నిజంగా వదిలేసినవారి పెన్షన్‌పై ఏ రాష్ట్రమూ పన్ను వేయకూడదని 1996 నాటి సమాఖ్య చట్టం చెబుతోంది. అద్దె ఆదాయానికి ఆ రక్షణ లేదు.

కొన్నేళ్లుగా ఏదీ వేయనివాళ్లకు స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి ఉంది. గత మూడేళ్ల రిటర్నులు, ఆరేళ్ల ఎఫ్‌బార్లు, తెలియక జరిగిందని సంతకం చేసిన ఫారం 14653 ఇవ్వాలి. ఆ మూడేళ్లలో ఒక ఏడాదైనా 330 పూర్తి రోజులు అమెరికా బయట ఉండి, ఆ ఏడాది అక్కడ సొంత నివాసం లేకుండా ఉంటే జరిమానా వేయరు. ఐఆర్‌ఎస్ తనంతట తాను పరిశీలన మొదలుపెడితే ఈ తలుపు మూసుకుపోతుంది.